పేపర్లో వచ్చింది, తర్వాత ఏం చేయాల?

ప్రశ్న (ఆదోని): మా ఊరి సీసీ రోడ్డు నాసిరకమని పేపర్లో రాసిరి, టీవీలో చర్చ పెట్టిరి. రోడ్డు మాత్రం అట్లే ఉంది. మనమేం చేయాలన్నా?

జవాబు: మండల ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, ఫీజు 5 రూపాయలు. "ఎందుకు నాసిరకం?" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఎస్టిమేటు, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల నకళ్లు అడుగు. ఎం-బుక్కులో మందం ఎంత రాసినారో చూసి, రోడ్డు అంచున టేపు పెట్టి కొలువు. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

జవాబు: సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసి శాంపిల్ తీసుకునే హక్కూ ఉంది. చాలామంది అడగరు, అదే బాధ. 30 రోజుల్లో జవాబు రాకుంటే, ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయి. రసీదు పారేయొద్దు.

జవాబు: నకళ్లతో సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో అర్జీ ఇయ్యి. విలేకరికీ ఒక సెట్టు ఇస్తే ఈసారి అంకెలతో రాస్తాడు.