తీరంలో ఆల్చిప్పల దిబ్బలను తిరిగి పెంచాలా?

ఉప్పల్ మాస్టారు:
హైదరాబాదులో ఉండి సముద్రం గురించి చర్చ ఎందుకని అడిగేవారికి ముందే ఒక మనవి. మన మురుగు మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, చివరికి బంగాళాఖాతానికే చేరుతుంది. న్యూయార్క్ రేవులో మురుగు కారణంగానే 1927 నాటికి ఆల్చిప్పలు ఏరడం ఆగిపోయింది. అదే రేవులో 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పలను తిరిగి నెలకొల్పాలని పనిచేస్తోంది. హోటళ్లలో మిగిలిన చిప్పలను ఏడాదిపాటు ఎండకూ వానకూ వదిలి, వాటిపై ఆల్చిప్ప పిల్లలను పట్టించి నీటిలో దించుతారు. ఎదిగిన ఆల్చిప్ప ఒక్కటి రోజుకు 190 లీటర్ల వరకు నీటిని వడగడుతుంది. మన తీరంలోనూ ఇటువంటి దిబ్బలను పెంచి, ఎవరూ ముట్టుకోకుండా కాపాడాలని నా అభిప్రాయం.

పత్తర్‌గట్టి వ్యాపారి:
మాది మూడు తరాల ముత్యాల వ్యాపారం. స్వాతి చినుకు పడి ముత్యమయ్యే చిప్ప గురించేనా మీరు చెబుతున్నది?

ఉప్పల్ మాస్టారు:
కాదండీ. ముత్యపు చిప్పలది వేరే కుటుంబం. ఇవి ఏటి మొగల్లో, ఉప్పుకయ్యల్లో రాళ్లను కరచుకొని దిబ్బలుగా పెరిగేవి.

పత్తర్‌గట్టి వ్యాపారి:
అయితే ఆల్చిప్ప అన్న మాటే వాడకండి. ఆ మాట వినగానే తెలుగువాడికి గుర్తొచ్చేది ముత్యమే.

నాచారం పాఠకుడు:
190 లీటర్లు అమెరికా జాతికి, అదీ అన్నీ అనుకూలించినప్పటి లెక్క. మన జాతికి దానిని అంటగట్టకండి.

గోస్తనీ ఆడపడుచు:
భీమిలిలో మా అమ్మమ్మ నీరు తీసిన వేళ ఉలి, సుత్తి పట్టుకొని గోస్తని మొగలో చిప్పలు కొట్టేది. మాంసం కూరకు, చిప్పలు సున్నపు బట్టీకి. పిల్ల ఆల్చిప్ప రెండు మూడు వారాలు నీటిలో తేలి, తరువాత గట్టి ఆధారం దొరికితే జీవితాంతం అక్కడే అంటుకుంటుంది. దానికి అన్నిటికంటే నచ్చే ఆధారం పాత చిప్పే. ఆ చిప్పలను బట్టీలకు మోసి మేమూ తప్పు చేశామని ఒప్పుకుంటాను. కానీ ఎగువన ఒక కర్మాగారం వదిలిన నీటికి చేపలు చచ్చి తేలినప్పుడు, నష్టపరిహారం కోసం అమ్మమ్మ మూడుసార్లు కార్యాలయానికి వెళ్లింది. పడవ నంబరు లేదు కనుక నువ్వు మత్స్యకారిణివి కావన్నారు. ఇప్పుడు మీరు ఎవరూ ముట్టుకోవద్దంటున్నారు.

ఉప్పల్ మాస్టారు:
మీ బాధ నాకు అర్థమైంది, అయితే ఆవేదనతో శాస్త్రం నడవదు. అమెరికాలోని చీసపీక్ అఖాతంలో దిబ్బలు తరిగిపోవడానికి అతిగా తవ్వడం ఒక పెద్ద కారణం. న్యూయార్క్‌లో నేటికీ పెద్ద వాన పడితే మురుగు రేవులోకి పొంగుతుంది కనుక, పెంచినవాటిని తిననివ్వరు.

గోస్తనీ ఆడపడుచు:
మా అమ్మమ్మ ఆకలిని ఆవేదన అని పక్కన పెట్టకండి! మురుగు పంపేది నగరం, కడగవలసింది మా ఏరు, తినకుండా ఉండవలసింది మా ఆడవాళ్లు. ఇదెక్కడి న్యాయం? కేరళలోని అష్టముడిలో మహిళా సంఘాలు చిప్పలు గుచ్చిన తాళ్లను నీటిలో కర్రల పందిళ్లకు వేలాడదీసి, ఆల్చిప్పలను పెంచి అమ్ముకుంటున్నాయి. అక్కడ నీరూ వడపోతకు వస్తుంది, ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది.

నాచారం పాఠకుడు:
వడగట్టిన లోహాలు ఆ మాంసంలోనే చేరతాయి. ముందు మురుగును శుద్ధి చేయకుండా ఏ పద్ధతిలో పెంచినా తినేవారికే ముప్పు.

పత్తర్‌గట్టి వ్యాపారి:
పేరు సంగతి ఇంకా తేలలేదు.

ఉప్పల్ మాస్టారు:
నాచారం పాఠకుడు గారి మాట నిజం. శుద్ధి మన నగరంలోనే మొదలుకావాలి. దిబ్బలకు రక్షణ ఉండాలన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోను. కొట్టుకొనే హక్కు అందరికీ ఇస్తే పిల్లలు అంటుకునేందుకు పాత చిప్ప మిగలదు. అయితే హద్దు గీయకముందే అక్కడ చిప్పలు కొట్టేవారి పేర్లు రాసుకోవాలని ఒప్పుకుంటున్నాను అమ్మా.

గోస్తనీ ఆడపడుచు:
రాసుకోండి. ఆ పుస్తకంలో పడవ నంబరు గడి మాత్రం ఉండకూడదు.