ఖాతా మార్చడంలోని కష్టమే బ్యాంకుకు లాభమా?

ప్రశ్న (తిరుపతి):
తిరుచానూరు రోడ్డులో మాకు చిన్న బట్టల దుకాణం ఉంది. మరో బ్యాంకు పొదుపు ఖాతాపై ఎక్కువ వడ్డీ ఇస్తానంటున్నా, క్యూఆర్ కోడ్, కరెంటు బిల్లు, చీటీ వాయిదా, బీమా ప్రీమియం అన్నీ పాత ఖాతాకే ముడిపడి ఉండటంతో కదలలేకపోతున్నాను. ఈ ఇబ్బంది బ్యాంకు లాభాన్ని నిజంగా పెంచుతుందా?

జవాబు (చిత్తూరు):
పెంచుతుందండీ. 2011 అక్టోబరులో రిజర్వు బ్యాంకు పొదుపు ఖాతాల వడ్డీపై నియంత్రణ ఎత్తివేసినప్పుడు కొన్ని ప్రైవేటు బ్యాంకులు వెంటనే రేటు పెంచాయి; పెద్ద బ్యాంకులు మాత్రం ఏళ్ల తరబడి 4 శాతం దగ్గరే ఉండి, 2017లో స్టేట్ బ్యాంకు మొదలుపెట్టాక ఇంకా తగ్గించాయి. అయినా ఖాతాదారుల్లో ఎక్కువమంది కదలలేదు. ఆ చవక డిపాజిట్లను ఎక్కువ వడ్డీకి అప్పుగా ఇచ్చినప్పుడు మిగిలే తేడాయే బ్యాంకుకు ప్రధాన ఆదాయం.

మరో జవాబు (తిరుపతి):
ఆ లాభమంతా మిగలదని నా అభిప్రాయం. ఒకసారి వచ్చినవాడు సులభంగా పోడని తెలుసు కాబట్టే, కొత్త ఖాతాదారు కోసం బ్యాంకులు ముందుగానే పోటీపడి ఖర్చు పెడతాయి. అప్పుల విషయంలో, మారే వడ్డీ గృహరుణాలను ముందే తీర్చేస్తే వేసే జరిమానాను 2012లో రిజర్వు బ్యాంకు తొలగించింది. అయినా న్యాయ పరిశీలన, ఆస్తి మదింపు, తనఖా ఖర్చులు మనిషిని ఆపుతూనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
అయితే చెల్లింపులన్నీ పాత ఖాతాలోనే ఉంచి, మిగులు డబ్బు మాత్రం కొత్త బ్యాంకుకు మారుస్తాను.

జవాబు (చిత్తూరు):
అదే మంచిదండీ. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే వర్తిస్తుందన్నది గుర్తుంచుకోండి.