గళ్ళ నుడికట్టు సరిపోతుందా, కొత్త విద్య నేర్చుకోవాలా?

వేకువ:
మా అమ్మగారికి 68 ఏళ్లు. ఏళ్ల తరబడి రోజూ గళ్ళ నుడికట్టు పూరిస్తున్నారు. ఈమధ్య పేర్లు వెంటనే తట్టడం లేదని బాధపడుతున్నారు. అలవాటైన ఆటతో లాభం లేదు, కొత్తది ఏదైనా నేర్చుకోవాలని మా తమ్ముడు అంటున్నాడు. ఆమెకు ఇష్టమైన పనిని మాన్పించడం నాకు సమ్మతం కాదు. మీరేమంటారు?

నిదానం:
మీ తమ్ముడి మాటలో బలముంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,800 మందికి పైగా వృద్ధులపై 'యాక్టివ్' అనే అధ్యయనం జరిగింది. వారిలో ఒక వర్గానికి జ్ఞాపకశక్తిలో, ఒక వర్గానికి తర్కంలో, మరొక వర్గానికి చూసినదాన్ని వేగంగా గ్రహించడంలో శిక్షణ ఇచ్చారు. ఎవరు దేనిలో శిక్షణ పొందారో దానిలోనే మెరుగుపడ్డారు. పదేళ్ల తర్వాత పరీక్షిస్తే తర్కం, వేగం విషయంలో ఫలితం నిలిచింది కానీ, జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితం నిలవలేదు. ఒక ఆటలో నేర్పు జీవితమంతటికీ పాకుతుందని చెప్పడం తొందరపాటే. అలాంటి ప్రకటనలు చేసినందుకే 2016లో మెదడుకు పదును పెట్టే ఆటలు అమ్మే లుమోసిటీ సంస్థ అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థకు 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

కొత్త విద్య సంగతి వేరు. 2014లో వెలువడిన మరొక అధ్యయనంలో 60 ఏళ్లు దాటినవారు మూడు నెలలకు పైగా, వారానికి సుమారు 15 గంటల చొప్పున డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం వంటివి నేర్చుకున్నారు. కబుర్లతో, విహారాలతో కాలం గడిపినవారికంటే వీరి జ్ఞాపకశక్తి ఎక్కువగా మెరుగుపడింది. కష్టపడి నేర్చుకోవడమే ఇందులో కీలకమని నా నమ్మకం.

పాతబాట:
నుడికట్టును అంత తేలిగ్గా తీసిపారేయకండి. స్వల్ప మతిమరుపు ఉన్న 107 మందిని 78 వారాలు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ ఆటలు ఆడినవారికంటే నుడికట్టు పూరించినవారికే మేలు కనిపించింది.

నిదానం:
నిజమే, అది నా అంచనాకు ఎదురు నిలిచే ఫలితమని ఒప్పుకుంటాను. అయితే ఏదీ చేయని మూడో వర్గం అందులో లేదు కనుక, నుడికట్టు ఒంటరిగా ఎంత మేలు చేసిందో దానినుంచి తేల్చలేము.

చదువరి:
నుడికట్టులో అడ్డం, నిలువు ఆధారాలను బట్టి మాటను మనసులోంచి వెలికితీయాలి. ఆ వెలికితీతే అసలు సాధన అని నాకనిపిస్తుంది. చదివినదాన్ని మళ్ళీ చదవడంకంటే, పుస్తకం మూసి గుర్తు చేసుకున్నదే ఎక్కువకాలం నిలుస్తుందని విద్యార్థులపై జరిగిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి అమ్మగారు ఒక కథ చదివి, మీకు చెప్పేలా చూడండి. పేరు ఆలస్యంగా తట్టడం వయసుతో సహజమే. తెలిసిన దారి తప్పడం, లెక్కలు తారుమారు కావడం మొదలైతే మాత్రం వైద్యుణ్ణి కలవాలి. ఆమె వినికిడి ఎలా ఉంది? మతిక్షయానికి (డిమెన్షియాకు) దారితీసే, సరిదిద్దుకోదగిన 14 కారణాలలో వినికిడి లోపం కూడా ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం 2024లో పేర్కొంది. సరిగా వినబడని పేరు మనసులో నాటుకోదు కదా.

వేకువ:
చదువరి గారూ, టీవీ శబ్దం పెంచమని ఆమె రోజూ అడుగుతుంటే చిరాకుపడ్డానే తప్ప, ఈ కోణంలో నేనెన్నడూ ఆలోచించలేదు. నుడికట్టు మాన్పించను. ఈ వారమే వినికిడి పరీక్ష చేయిస్తాను. ఫొటోలు తీయడం నేర్చుకుంటారేమో ఆమెనే అడుగుతాను. ఇన్నాళ్లూ నేనూ తమ్ముడూ వాదించుకున్నామే గాని, ఆమెను అడగలేదు.