ఫిడెల్ తప్పుకున్నాక సామాన్య క్యూబా ప్రజల బతుకులో ఏం మారింది?

ప్రశ్న (కావలి)

అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారిని ఆరాధించే ఇంట్లో పెరిగినందువల్ల ఫిడెల్ కాస్ట్రో పేరు నాకు చిన్ననాటి నుంచీ పరిచయమే. క్యూబా కరువులో ఉన్నప్పుడు మన దేశంలోని కమ్యూనిస్టులు విరాళాలు పోగుచేసి గోధుమలు, సబ్బులు పంపించిన సంగతి మా నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. అయితే నాయకుణ్ణి ఎరిగినంతగా అక్కడి జనాన్ని మేము ఎరగము. 1959 విప్లవం నుంచి ఫిడెల్ అనే ఒకే మనిషి మాట మీద నడిచిన ఆ ప్రజలు, ఆయన మంచాన పడి మెల్లగా కనుమరుగైన పదేళ్లలో ఏ మార్పులు చూశారు? అవి ఎవరికి మేలు చేశాయి? పొలం, జీతం, ఇంటి ఖర్చు ఆధారంగా ఎవరైనా వివరించగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (నెల్లూరు)

కావలి మిత్రులకు నమస్కారం. 2006 జూలై 31న పేగుల శస్త్రచికిత్స కారణంగా ఫిడెల్ తన బాధ్యతలను తమ్ముడు రౌల్‌కు తాత్కాలికంగా అప్పగించారు. 2008 ఫిబ్రవరిలో రౌల్ అధ్యక్షుడయ్యారు. ఆ కొద్ది నెలలకే సామాన్యులు తమ పేరుతో సెల్‌ఫోన్ తీసుకోవడానికీ, అంతవరకు విదేశీయులకే పరిమితమైన హోటళ్లలో దిగడానికీ అనుమతి వచ్చింది. 2011కు ముందు సొంత ఇల్లున్నా అమ్ముకునే వీలు లేదు, మరొకరి ఇంటితో మార్చుకోవడమే. ఆ ఏడాది నుంచి క్రయవిక్రయాలు చట్టబద్ధమయ్యాయి. 2013 జనవరిలో దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి పత్రం అవసరం లేకుండా పోయింది. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద మార్పు ఇదే. 2016 నవంబర్ 25న ఫిడెల్ మరణించే నాటికే, జనం ఆయన లేని పాలనకు చాలావరకు అలవాటుపడ్డారు.

సమాధానం (తంగుటూరు)

నేను పొగాకు రైతును కాబట్టి పొలం సంగతి చెబుతాను. పశ్చిమ క్యూబాలోని పినార్ దెల్ రియో ప్రాంతంలో చుట్టల పొగాకు పండించేవారిలో ఎక్కువమంది చిన్న రైతులే. విప్లవం తరువాత కూడా భూమి వారి చేతుల్లోనే మిగిలింది. మనం బ్యారన్‌లో, అంటే ఆకు కాల్చే కొట్టంలో, వేడి పెట్టి ఆకు క్యూరింగ్ చేస్తాము. వారు కొయ్య కొట్టాల్లో కర్రలకు వేలాడదీసి గాలికే ఆరనిస్తారు. మనకు పొగాకు బోర్డు వేలంలో బేలు నో బిడ్ అవుతుందేమో, అంటే ఎవరూ కొనకుండా మిగిలిపోతుందేమోనన్న భయం ఉంటుంది. అక్కడ వేలమే లేదు, పంటలో అత్యధిక భాగాన్ని ప్రభుత్వమే తన ధరకు కొంటుంది.

అసలు మార్పు బీడు భూముల్లో వచ్చింది. చెరకు తోటలు మూతపడి, మన సర్కారు తుమ్మ మాదిరిగా మరబూ అనే ముళ్లపొద కమ్ముకున్న ప్రభుత్వ భూములను, భూమి లేనివారికి 13.42 హెక్టార్ల వరకు, అంటే సుమారు 33 ఎకరాలు, పదేళ్ల సాగు హక్కుతో ఇవ్వడానికి 2008లో చట్టం చేశారు. అయితే హక్కు కాగితం చేతికి వచ్చినా పొద కొట్టడానికి పనిముట్లు, ట్రాక్టరుకు డీజిలు, ఎరువులు దొరకకపోతే రైతు ఏం చేయగలడు? ఆ కష్టం మనకు చెప్పనక్కరలేదు.

సమాధానం (ఒంగోలు)

నెల్లూరు అన్నగారు చెప్పిన వివరాలు సరైనవే. కానీ దేశం దాటే స్వేచ్ఛను అన్నింటికంటే పెద్ద మార్పు అనడం నాకు సమ్మతం కాదు. విమానం టికెట్టుకు డబ్బు ఉన్నవారికే అది అందింది. అప్పట్లో అక్కడ రెండు కరెన్సీలు చెలామణిలో ఉండేవి. ఉపాధ్యాయుడికీ వైద్యుడికీ మామూలు పెసోల్లో జీతం వస్తే, నూనె, సబ్బు వంటి ఎన్నో సరుకులు దానికి 24 రెట్ల విలువైన మరో పెసోకే దొరికేవి. అమెరికాలోని మయామీలో డబ్బు పంపే బంధువు ఉన్న కుటుంబం నిలదొక్కుకుంది. పింఛను మీద బతికే ముసలివారు 1962 నుంచి నడుస్తున్న రేషన్ పుస్తకంలోని బియ్యం, చిక్కుడు గింజలు, చక్కెరతో నెల గడపలేకపోయారు. అర మిలియన్ ప్రభుత్వ ఉద్యోగాలు తగ్గిస్తామని 2010లో ప్రకటించినప్పుడు, బదులుగా చూపినది చిన్న వ్యాపారాలకు లైసెన్సు. పెట్టుబడి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. 2021 జనవరిలో రెండు కరెన్సీలను ఒకటి చేయగానే ధరలు విపరీతంగా పెరిగాయి, అదే ఏడాది జూలై 11న ఆహారం, మందులు, కరెంటు కోసం, స్వేచ్ఛ కోసం కూడా జనం వీధుల్లోకి వచ్చారు. ఉచిత వైద్యం, చదువు ఆ ప్రజలు కష్టపడి సాధించుకున్నవని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకే కావలి మిత్రులు ఈ విషయం పరిశీలించేటప్పుడు, బయటి నుంచి డబ్బు వచ్చే ఇంటినీ రాని ఇంటినీ వేరువేరుగా చూడవలసిందిగా కోరుతున్నాను.