రేనమ్ హాల్ ‘బ్రౌన్ లేడీ’ ఫొటోలోని వెలుగు కెమెరాలోనే తేవడం ఎలా?

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రేనమ్ హాల్ అనే పాత జమీందారీ భవనం ఉంది. గోధుమరంగు గౌనులో అక్కడ తిరిగే దెయ్యం డొరొతీ వాల్‌పోల్ అంటారు. ఆవిడ 1726లో మశూచితో పోయిందని రికార్డు, భర్త గదిలో బంధించాడని కథ. 1936 సెప్టెంబరు 19న ఆ భవనం మెట్ల దగ్గర తీసిన, మెత్తటి వెలుగులాంటి ఆడమనిషి ఆకారం కనిపించే ఫొటో డిసెంబరులో కంట్రీ లైఫ్ పత్రికలో వచ్చింది. దెయ్యం సంగతి ఎలా ఉన్నా, ఫొటో మాత్రం భలే ఉంటుంది.

నమ్మనివాళ్లు డబుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫ్రేము మీద రెండు షాట్లు) అనో, లెన్స్ మీద జిడ్డు అనో చెబుతారు. నేను రెండూ చేసి చూశాను. 35 ఎం.ఎం. కెమెరా, ఐఎస్ఓ 100 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, ఎఫ్/8, ట్రైపాడ్. తమ్ముడికి తెల్ల చున్నీ కప్పి నల్ల దుప్పటి ముందు ఒక షాట్, అదే ఫ్రేము మీద ఖాళీ మెట్లు ఇంకో షాట్. వాడు పారదర్శకంగానే వచ్చాడు గానీ అంచులు మరీ పదునుగా ఉన్నాయి. 6 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో 2 సెకన్లు నిలబెట్టి పక్కకు తప్పిస్తే, కదిలిన చార పడింది. లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్ అద్దం మీద వేజలిన్ రాస్తే మెట్లు కూడా మసకబారాయి. మొదటి షాట్‌కే రాస్తే ఆకారం పలచబడి దాదాపు మాయమైంది.

ఫొటోషాప్ వద్దు. మెట్లు స్పష్టంగా ఉండి, ఆకారం చుట్టూ మాత్రమే ఆ మెత్తటి వెలుగు రావాలంటే మొదటి షాట్‌లో లైటింగ్, ఎక్స్‌పోజర్ ఎలా పెట్టుకోవాలి?