పచ్చిక మేస్తున్న గుర్రానికి లామినైటిస్ (గిట్ట లోపలి పొరలు దెబ్బతినే జబ్బు) మొదలైందని కుంటకముందే ఎలా తెలుస్తుంది?

ప్రశ్న

పోనీ (పొట్టి) జాతి గుర్రం, వయసు 14, బరువు 350 కిలోల దాకా ఉంటుంది. పచ్చిక ఒత్తుగా లేచింది, పది రోజులుగా పగలంతా అందులోనే మేస్తోంది. కుంటడం లేదు. కానీ గట్టి నేల మీద తిప్పితే తడబడుతోంది, మెత్తటి నేల మీద మామూలుగానే నడుస్తోంది. గిట్టలు ఒక పూట వెచ్చగా, ఒక పూట చల్లగా తగులుతున్నాయి. మెడ మీద జూలు కింది కొవ్వు గట్టిపడింది. ఇది లామినైటిసేనా?

జవాబు 1

గిట్ట వెచ్చదనం ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఏ జబ్బూ లేని గుర్రానికీ రోజులో అది మారుతూనే ఉంటుంది. గంటల తరబడి చల్లారకపోతే అప్పుడు అనుమానించాలి.

నాడి చూడండి. ముందుకాలి ఫెట్‌లాక్ కీలు (గిట్టకు కాస్త పైన ఉండే కీలు) వెనక, రెండు పక్కలా, చర్మం కింద సన్నటి తాడులాంటిది వేలికి జారుతూ తగులుతుంది. బొటనవేలు ఒక పక్క, మధ్యవేలు ఇంకో పక్క తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే రక్తనాళం మూసుకుపోయి ఏమీ తెలియదు. బాగున్న గుర్రంలో ఆ నాడి దొరకడమే కష్టం, లామినైటిస్‌లో వేలు పెట్టగానే టకటకా కొడుతుంది. పరుగెత్తి వచ్చిన వెంటనే కాకుండా నింపాదిగా నిలబడి ఉన్నప్పుడు చూడాలి. ఒక్క కాలిలోనే బలంగా కొడుతుంటే గిట్టలో చీము పట్టి ఉండొచ్చు.

మీరు చెప్పిన మలుపు దగ్గర తడబాటును తేలిగ్గా తీసుకోవద్దు. ముందుకాళ్లు రెండూ ఒకేలా నొస్తే గుర్రం తల ఊపదు, అందుకే కుంటు కంటపడదు. అడుగు కురచవుతుంది, మడమ ముందు ఆనుతుంది. నిలబడ్డప్పుడు బరువును ఈ కాలి మీదికీ ఆ కాలి మీదికీ మార్చుకుంటూ ఉంటుంది. ఒక గిట్ట ఎత్తమంటే మొరాయిస్తుంది, ఎందుకంటే బరువంతా రెండోదాని మీద పడుతుంది. ముందుకాళ్లు చాచి వెనక్కి వాలి నిలబడే భంగిమ దాకా వచ్చిందంటే తొలి దశ దాటిపోయినట్టే.

జవాబు 2

నిర్ధారణ అయ్యేదాకా ఆగకండి, ఇప్పుడే పచ్చికలోంచి తీసేసి వెటర్నరీ డాక్టరును పిలవండి. గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు ఇచ్చే పొరలు ఊడుతుంటే ప్రతి అడుగూ వాటిని ఇంకా లాగుతుంది. అందుకే నడిపించకూడదు. లాయంలో చెక్కపొట్టు కనీసం 15 సెంటీమీటర్ల మందాన, గోడ నుంచి తలుపు దాకా పరచండి. తలుపు దగ్గర నేల గట్టిగా వదిలేస్తే గుర్రం ఎక్కువసేపు అక్కడే నిలబడుతుంది.

దాణా, తీపి తినిపించడం పూర్తిగా మానేయండి. అలాగని పస్తు పెట్టొద్దు. లావుగా ఉన్న పోనీలు తిండి మానితే ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. మీ గుర్రానికి రోజుకు 6 కిలోల దాకా ఎండుగడ్డి తూచి పెట్టండి. గంటసేపు చన్నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత తగ్గుతుంది. గడ్డిని నానబెట్టకముందే తూచాలి.

అడిగినవారు

రెండు ముందుకాళ్లలోనూ నాడి బలంగానే కొడుతోంది. లాయంలో పెట్టాం, డాక్టరు సాయంత్రం వస్తారు. ఈలోపు ఐసు పెట్టాలా? తర్వాత తెల్లవారుజామున మేపితే ఫరవాలేదా?

జవాబు 3

డాక్టరుకు ఫోన్ చేసి అడిగి ఐసు మొదలుపెట్టండి. పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. గిట్ట నుంచి మోకాలి కిందిదాకా ఐసునీళ్లలో మునిగి ఉండాలి, కరిగేకొద్దీ ఐసు వేస్తూ రెండు మూడు రోజులు విడవకుండా సాగాలి. దాణా అతిగా తిని వచ్చిన లామినైటిస్‌లో దీని మేలు బాగా రుజువైంది.

మీ గుర్రం మెడ చూస్తే ఇన్సులిన్ గొడవలా ఉంది. అలాంటి గుర్రం చక్కెర ఎక్కువున్న గడ్డి మేస్తే రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా పెరుగుతుంది, ఆ ఇన్సులినే పొరలను దెబ్బతీస్తుంది. ఇన్సులిన్ పరీక్షతోపాటు, 14 ఏళ్లు కాబట్టి కుషింగ్స్ (వయసు మీదపడ్డ గుర్రాలకు వచ్చే హార్మోన్ జబ్బు) కోసం ఏసీటీహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష కూడా చేయించండి. గిట్టల ఎక్స్‌రే తీస్తే ఎముక ఒరిగిందో లేదో తెలుస్తుంది. గిట్ట గోడ మీది వలయాలు మడమ వైపు వెడల్పుగా, ముందువైపు ఇరుకుగా ఉన్నా, అడుగున తెల్ల గీత సాగి ఎర్రమచ్చలు కనిపించినా ఇది మొదటిసారి కాదని అర్థం.

గడ్డిలో చక్కెర ఎండ ఉన్నంతసేపూ పెరిగి, సాయంత్రానికి బాగా ఎక్కువై, రాత్రంతా తరుగుతుంది. తెల్లవారుజాము మేలనడం అందుకే. అయితే రాత్రి చలి 5 డిగ్రీల లోపుకు దిగితే గడ్డి ఎదగదు, పగటి చక్కెర అలాగే మిగిలిపోతుంది. మంచు పేరుకున్న ఉదయం, పైగా ముందురోజు ఎండ బాగా కాసి ఉంటే, అసలు వదలకండి. గంటలు తగ్గించినా చాలదు, ఉన్న కాసేపట్లోనే ఆబగా మేసేస్తాయి. మూతికి చిక్కం కట్టి వదలడం నయం.

అదీ ఇప్పుడు కాదు. నొప్పి మందు పూర్తిగా ఆపాక కూడా కొన్ని వారాలపాటు నాడి సద్దుమణిగి ఉండాలి, గట్టి నేల మీద తడబడకుండా తిరగాలి, ఇన్సులిన్ అదుపులోకి రావాలి. ఆ తర్వాతే పచ్చిక మాట.