స్ప్రింగ్‌స్టీన్ నిజంగా కార్మిక కుటుంబంలోంచే వచ్చాడా?

ప్రశ్న: ఈ మధ్యే అమెరికన్ రాక్ సింగర్ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలు వినడం మొదలెట్టా, వాటిల్లో ఎక్కడ చూసినా మూతబడ్డ ఫ్యాక్టరీలు, పని పోయినోళ్ళే. ఇదంతా ఆయన చూసిన బతుకేనా? ఏ ఆల్బమ్‌తో మొదలెట్టాలి?

జవాబు: చూసిందే బ్రో. 1949లో పుట్టాడు, పెరిగింది న్యూజెర్సీ ఫ్రీహోల్డ్‌లో. వాళ్ళ నాన్న రగ్గుల మిల్లులో చేశాడు, బస్సు నడిపాడు, జైల్లో గార్డుగా కూడా చేశాడు, ఏదీ నిలకడగా లేదు. అమ్మ లాయర్ల ఆఫీసులో సెక్రటరీ, ఇల్లు నిలబడింది ఆవిడ జీతం మీదే. కొడుకు గిటార్ కావాలంటే 60 డాలర్లు అప్పు చేసి మరీ కొనిచ్చింది, ఆ తల్లికి దండం పెట్టాలి.

జవాబు: 1973లో వచ్చిన రెండు ఆల్బమ్‌లూ పెద్దగా ఆడలేదు, 1975లో 'బార్న్ టు రన్'తో దశ తిరిగింది, టైమ్, న్యూస్‌వీక్ మ్యాగజైన్లు రెండూ ఒకే వారం ఆయన్ని కవర్ మీద వేశాయి. ఆ వెంటనే మేనేజర్‌తో కోర్టు గొడవ, 1978 దాకా కొత్త ఆల్బమే లేదు. నన్నడిగితే మాత్రం 'నెబ్రాస్కా' వినండి, 1982ది. ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ పెట్టుకుని గిటార్, మౌతార్గాన్‌తో ఒక్కడే పాడుకున్నాడు, తర్వాత బ్యాండ్‌తో చేస్తే ఆ ఫీల్ రాక ఆ క్యాసెట్‌నే రిలీజ్ చేసేశారు.

జవాబు: 'బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ' టైటిల్ సాంగ్ లిరిక్స్ చదువుతూ వినండి ప్లీజ్. చాలామంది దేశభక్తి పాట అనుకుంటారు, అది వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు.